పురిటి గదిలో కోడిగుడ్లు

మా ఇంట్లో భోజనాల వేళ కోడిగుడ్డు అన్న మాటను పలకడం కూడా మర్యాద కాదు. ఉత్తర మద్రాసులో తరతరాలుగా పసుపు, ధనియాలు టోకుగా అమ్ముకొంటూ స్థిరపడిన శాకాహార కుటుంబం మాది. వీధి వైపు కొట్టు, దాని వెనుక కాపురం, ఆ వెనుక పెరడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఒక మహిళా కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించి, సకాలంలో పదవీ విరమణ చేశాను. గుండె గదులను నల్లబల్ల మీద చూడకుండా గీయగలిగిన నాకు, కోడిగుడ్డును ఏ కొస పైకి వచ్చేటట్లు నిలబెట్టాలో పంతొమ్మిది వందల తొంభైల నడుమ దాకా తెలియదు. అది తెలియవలసి రావడానికి కారణం నా కోడలు.

ఆమె మా ఇంట అడుగుపెట్టకముందే పరిశోధనలో చేరింది. రక్తనాళాలు ఎవరి మాట విని మొలుస్తాయి అన్నది ఆమె విషయం. నా విద్యార్థి దశలో రక్తనాళమంటే మాకు గొట్టమే. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వల్లెవేశాము గాని, అది ఎవరి పిలుపునో విని కొత్త కొమ్మ వేస్తుందని మాకెవరూ చెప్పలేదు. కోడలు చెప్పింది. ప్రాణవాయువు చాలక ఉక్కిరిబిక్కిరి అయిన కణం కొన్ని ప్రొటీన్లను బయటికి వదులుతుంది. వాటిలో ముఖ్యమైనదాన్ని వి.ఇ.జి.ఎఫ్. అంటారు. దగ్గరలోని రక్తనాళపు లోపలి గోడ కణాలకు దాన్ని అందుకొనే గ్రాహకాలు ఉంటాయి. ప్రొటీను వచ్చి తగలగానే రెండు గ్రాహకాలు జతకట్టి, ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకొంటాయి. ఆ మార్పును గుర్తుపట్టి కణం లోపలి మరొక అణువు మేలుకొంటుంది, అది ఇంకొకదాన్ని మేలుకొలుపుతుంది. అలా కబురు కేంద్రకం దాకా చేరాక, అంతవరకు కదలక పడివున్న కణం విభజన చెంది, పిలుపు వచ్చిన దిక్కుకు నడిచి, కొత్త నాళమవుతుంది. ఫాస్ఫేటు తగిలించే ఆ పనిని అడ్డుకొనే మందు ఒకదాన్ని పెడితే నాళాలు నిజంగానే ఆగుతాయా అన్నది ఆమె తేల్చవలసిన చివరి ప్రశ్న.

ఇంత చక్కని వ్యవస్థను విని నేను ముచ్చటపడ్డాను. ఎవరి పని వారిది, ఎవరి తరువాత ఎవరన్నది ఖరారు. మా అత్తగారికి మాత్రం ఇదంతా నమ్మదగిన వ్యవహారంగా తోచలేదు. ఎనభై దాటినా ఇంటి పెత్తనం ఆమెదే. నడవలోని ఊయలబల్ల మీద కూర్చొని నా కోడలిని నిలదీసింది.

"ఏందమ్మే, రోజూ కాలేజీకి పోయి ఏం చేస్తా ఉండావు నువ్వు?"

"చెబుతాను అవ్వా. మీకు కాఫీ కావాలంటే ఏం చేస్తారు?"

"అడగతాను."

"ఎవర్ని?"

"ఇదో, టీచరమ్మను."

"అత్త ఏం చేస్తుంది?"

"గడియారం చూస్తుంది. చూసినాక నీకు చెబుతుంది."

"నేను స్టవ్వు ముట్టిస్తాను. అంతే అవ్వా! మీ మాట స్టవ్వు దాకా పోయేదానికి నడుమ మనుషులు ఉండారు కదా. నేను పెట్టే మందు ఆ నడుమ మనిషి నోరు కట్టేస్తుంది. మీరు ఎంత అరిచినా కాఫీ రాదు."

అత్తగారు ఊయల ఆపి నన్ను తేరిపార చూసింది.

"ఆ మందు ఒక్క చుక్క ఇంటికి తెచ్చేదానికి అవుతుందా అమ్మే?"

"కాఫీ రాదే అవ్వా!"

"రాకపోతే పోనీలే. ఒక పూటన్నా ఇల్లు సద్దు లేకుండా ఉంటుంది."

నేను గడియారం చూసి, కాఫీకి ఇంకా వేళ కాలేదని తెలియజేశాను.

ఆమె పరిశోధనకు కావలసినవి మందూ, సూక్ష్మదర్శినీ మాత్రమే కావు. పొదిగే కోడిగుడ్లు కావాలి. పిండం ఎదిగే గుడ్డులో పెంకు కిందనే ఒక పలుచని పొర పరచుకొంటుంది, దానినిండా రక్తనాళాలే. పెంకుకు చిన్న కిటికీ కోసి, మందులో తడిపిన బిళ్ళను ఆ పొర మీద ఉంచి, కిటికీని అంటించి మళ్ళీ వెచ్చగా పెట్టాలి. కొన్నాళ్ళకు తెరచి చూస్తే, నాళాలు బిళ్ళ చుట్టూ బండి చక్రపు ఆకుల్లా చేరాయో, దాన్ని విడిచి తొలగిపోయాయో కంటికే తెలుస్తుంది. పక్షిపిండం జీవించి ఉండగానే ఇదంతా జరగాలి. గుడ్లు మాధవరంలోని ఒక కోళ్ళ క్షేత్రం నుండి వచ్చేవి. ఆ కబురు మా వంటింటి దాకా రాకుండా నేనూ కోడలూ జాగ్రత్తపడ్డాము.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె కాలేజీ నుండి ఫోను చేసింది.

"అత్తా, ఈడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మంగళవారం దాకా కరెంటు రాదంటా ఉండారు. గుడ్లన్నీ పొదుగుడు పెట్టెలో ఉండాయి. చల్లబడిపోతే అంతే."

ఆ మాట బరువు నాకు తెలుసు. ఆమెకు ఇచ్చిన గడువు పొడిగింపు ఆ నెలతో ముగుస్తుంది. నెలాఖరున సమీక్షా సంఘం ముందు ఈ చివరి ఫలితాన్ని చూపకపోతే పరిశోధకురాలిగా ఆమె నమోదే రద్దవుతుంది. మళ్ళీ గుడ్లు తెప్పించి మొదటినుండి చేయడానికి రోజులు చాలవు. పెళ్ళికీ, ఇంటి పనికీ, మా వేళలకూ తన చదువును సర్దుకొంటూ వచ్చిన పిల్ల.

"ఇంటికి తీసుకొని రా" అన్నాను. అన్న తరువాత, ఆ ఇల్లు ఎవరిదో గుర్తుకు వచ్చింది.

అత్తగారి దగ్గర అబద్ధం నిలవదు. ఆటోలో గుడ్ల బుట్టను ఒడిలో పెట్టుకొని కోడలు పెరటి తోవన చేరేలోపు నేను విషయమంతా విన్నవించాను.

"గుడ్లా? నా ఇంట్లోనా?" అన్నది ఆమె.

"తినేదానికి కాదు అవ్వా" అన్నది కోడలు గుమ్మం బయటి నుండే. "లోపల పిల్లలు ఉండాయి. బతికుండాయి. వెచ్చదనం లేకపోతే చచ్చిపోతాయి."

ఆ మాటకు అత్తగారు చప్పబడింది. "అంటే కడుపుతో ఉండాయా?"

శాస్త్రీయంగా ఆ మాట సరికాదని చెప్పబోయి మానుకొన్నాను.

"అట్టాగే అనుకో అవ్వా."

"తరువాత పిల్లలయ్యి బయటికొస్తాయా?"

ఈ ప్రశ్నకు జవాబుగా నేను ఒక సభ్యమైన వాక్యాన్ని లోలోపల కూర్చుకొంటూనే ఉన్నాను. కోడలు నాకా అవకాశం ఇవ్వలేదు.

"రావు అవ్వా. నాళాలు చూసినాక నిలిపేస్తారు. కాలేజీలో."

చాలాసేపు ఊయల కిర్రుమన్నది.

"ఆ పాపం మీ కాలేజీది. వాళ్ళు చూసుకొంటారు. నా ఇంట్లో ఉండే వరకు ఒక్క ప్రాణం పోకూడదు. ఆ మాటకు ఒప్పుకొంటే తీసుకొని రా. వంటింటికీ, పూజగదికీ దూరంగా పురిటి గదిలో పెట్టు. మైల ఉండే చోట మైల ఉంటే తప్పేమీ లేదు."

తిండికి గుడ్డు నిషిద్ధమేగాని, కడుపుతో ఉన్నవారిని వాకిట నిలబెట్టడం అంతకంటే తప్పని ఆమె తీర్పు. ఏ న్యాయస్థానమూ అంత చురుకుగా రెండు ధర్మాలను పక్కపక్కన నిలబెట్టి తీర్పు చెప్పదని నేను నేటికీ అనుకొంటాను.

పురిటి గది పెరటి పక్కన ఉంటుంది. కిటికీ లేని ఇరుకైన గది. కానుపులు ఆసుపత్రులకు తరలిపోయాక దానిలో నా పాత ప్రశ్నపత్రాల కట్టలు ఏళ్ళవారీగా అమర్చి పెట్టుకొన్నాను. వాటిని ఏళ్ళ వరుస చెడకుండా బయటికి చేరవేసి, కొట్టులోని పొడవాటి చెక్కపెట్టెను తెప్పించి, రెండు కొసల్లోనూ బల్బులు వేలాడదీసి, నీళ్ళ గిన్నె ఒకటి ఉంచి, ఉష్ణమాపకాన్ని అమర్చాము. మందు పెట్టిన గుడ్డు పక్కన మందు పెట్టని గుడ్డు వచ్చేలా, తలుపు వైపు నుండి గోడ వరకు ఒకటి విడిచి ఒకటిగా పేర్చమని కోడలికి చెప్పాను. మందు పెట్టినవన్నీ ఒక వైపు, పెట్టనివన్నీ మరొక వైపు పేర్చితే, ఒక కొసన వేడి ఎక్కువైనప్పుడు పోలిక చెడుతుంది. ఎవరు ఏ వేళ ఉష్ణోగ్రత చూడాలో కాగితం రాసి తలుపుకు అంటించాను. అత్తగారికి కూడా ఒక వంతు కేటాయించాను.

"చూడమ్మే" అన్నది ఆమె కోడలితో, "నా కానుపుల్లో ఒక్కదానికీ టైము టేబులు లేదు. అయినా అందరూ సరిగానే వచ్చినారు. మీ మామను తప్ప."

ఆదివారం నాడు కోడంబాక్కంలో దగ్గరి బంధువుల పెళ్ళి. వెళ్ళక తప్పదు. ముహూర్తానికి హాజరై, భోజనాలు కాగానే తిరిగి రావాలన్నది నా ప్రణాళిక. ఉష్ణమాపకంలో ఎర్రగీత దాటకుండా చూడడం ఎలాగో అత్తగారికి వివరించాను. ఆమె ఓపికగా విన్నది. ఆ ఓపిక చూసి నేను అనుమానించి ఉండవలసింది.

తిరిగి వచ్చేటప్పటికి సాయంకాలమైంది. సందు మొగలోనే సాంబ్రాణి వాసన తగిలింది. ఆదివారం పూట మా ఇంట సాంబ్రాణి వేయరు. కోడలు చెప్పులు ఎక్కడ విడిచిందో కూడా చూసుకోకుండా పెరటి వైపు పరిగెత్తింది. పురిటి గది తలుపు బిగించి ఉంది. కింది సందులో పాత చీర కుక్కి ఉంది. తీయగానే పొగ మా ముఖాల మీద పడింది. పెట్టె పక్కన, తలుపు దగ్గర, కుంపటిలో బొగ్గులు ఇంకా కణకణలాడుతున్నాయి.

"అయ్యయ్యో అవ్వా! ఎవరు పెట్టినారు ఇది?"

"నేనే" అన్నది అత్తగారు వెనుకనుండి, నిబ్బరంగా. "బాలింత గదిలో సాంబ్రాణి లేకుండా ఉంటుందా? కొంచెం వాము కూడా వేసినాను. గాలి సోకకూడదని సందు మూసినాను. మీరు అంత చదువుకొనినారు, ఇది మాత్రం మీ కాగితంలో రాయనే లేదే!"

తలుపుకు అంటించిన నా కాగితంలో ఆ అంశం నిజంగానే లేదు.

కోడలు కుంపటిని పెరట్లోకి మోసుకొచ్చి, తలుపు బార్లా తెరచి, పెట్టె పక్కనే నేల మీద కూర్చొంది. పెళ్ళికి కట్టిన పట్టుచీర మసిబారుతున్నా పట్టించుకోలేదు. "అత్తా, బొగ్గు పొగలో ఊపిరాడదు కదా" అన్నది. "పెంకుకు సన్నటి రంధ్రాలుంటాయి. అవీ గాలి పీలుస్తాయి." నేను తల ఊపాను. అంతకంటే చెప్పదగిన ఓదార్పు నా పాఠ్యపుస్తకాల్లో లేదు.

మంగళవారం కరెంటు వచ్చింది. గుడ్లతో పాటు నేనూ కాలేజీకి వెళ్ళాను. కోడలు ఒక్కొక్క గుడ్డు కిటికీ తెరచి చూసింది. కుంపటికి దగ్గరగా ఉన్నవాటిలో పిండాలు చనిపోయాయి. తరువాతి వాటి దగ్గరకు వచ్చేసరికి ఆమె ముఖం మారింది. మందు పెట్టని గుడ్డులో నాళాలు అంతకుముందు ఏ గుడ్ల జట్టులోనూ చూడనంత దట్టంగా అల్లుకొని ఉన్నాయి. గోడ వైపు పోయేకొద్దీ ఆ దట్టదనం తగ్గి, చివరివాటిలో మామూలు రూపానికి వచ్చింది. ఎక్కడ చూసినా, పక్కనే ఉన్న మందు గుడ్డులో బిళ్ళ చుట్టూ నాళాలు తొలగి, పొర బోసిగా కనిపించింది.

"ఊపిరాడక కేకేసినాయి అత్తా" అన్నది నెమ్మదిగా. "కేక గట్టిగా ఉన్న చోట కూడా మందు నోరు కట్టేసింది." ఆ వెంటనే, "అయినా దీన్ని ఎవరు ఒప్పుకొంటారు?" అన్నది.

ఇంటికి వచ్చి చనిపోయిన వాటి మాట అత్తగారికి చెప్పింది. దాచుదామని నేను కనుసైగ చేసినా ఆగలేదు. అత్తగారు లేచి, పెరట్లో తలమీద చన్నీళ్ళు పోసుకొని, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇక మిగిలింది నివేదిక. కోడలికి మార్గదర్శకత్వం వహించే ఆచార్యుడు, కరెంటు పోయినందువల్ల గుడ్లను 'మరొక చోట' ఉంచామని ఒక్క ముక్క రాస్తే చాలునన్నాడట. కోడలు ఆ మాట వైపు మొగ్గింది.

"పొగ అని రాస్తే నవ్వుతారు అత్తా. నవ్వినాక పారేయమంటారు. నా పని అంతటితో సరి."

"నవ్వితే నవ్వనీ. జరిగినది జరిగిన వరుసలో రాయకపోతే దట్టమైన ఆ నాళాలకు నీవు ఏ కారణం చెబుతావు?"

"ఏం రాయమంటారు? 'మా ఇంటి అవ్వ బాలింత అనుకొని సాంబ్రాణి వేసింది' అని రాసేదా?"

నేను కలం తీసుకొని, 'గృహ సంప్రదాయానుసారం పరిమిత వాయుప్రసారం గల గదిలో సుగంధ నిర్యాస ధూమానికి గురిచేయడమైనది' అన్న అర్థం వచ్చేలా ఆంగ్లంలో ఇంకా గంభీరంగా ఒక వాక్యం కూర్చి పైకి చదివాను. నడవలోంచి అత్తగారు, "నన్ను కోర్టుకు ఈడస్తా ఉండారా?" అని అడిగింది. కోడలు నా వాక్యాన్ని చదివి, రెండు రోజుల తరువాత మొదటిసారి నవ్వి, దాన్ని కొట్టేసి తన మాటల్లో రాసింది. మూసిన గది, బొగ్గుల కుంపటి, సాంబ్రాణి, కుంపటి నుండి ఒక్కొక్క గుడ్డు ఎంత దూరం, అంతా రాసింది. మరొక చోట అన్న మాట ఎక్కడా లేదు.

సమీక్ష రోజున ఎవరైనా వెనుక కూర్చొని వినవచ్చు. నేను చివరి వరుసలో కూర్చొన్నాను. సాంబ్రాణి అన్న మాట రాగానే నవ్వులు లేచాయి. కోడలు నవ్వలేదు, ఆగలేదు. ముగ్గురు సభ్యుల్లో ఒకాయన, "ఇది ప్రయోగశాల కాదు, పూజగది. ఈ జట్టును పక్కన పెట్టి కొత్తగా చేయండి" అన్నాడు. కొత్తగా చేయడానికి వ్యవధి లేదని ఆ గదిలోని అందరికీ తెలుసు.

అప్పుడు సభ్యుల్లోని పెద్దావిడ ఒకరు, కణజాల నిపుణురాలు, అద్దాలు సవరించుకొని అడిగారు.

"మందు పెట్టినవీ పెట్టనివీ పక్కపక్కనే ఉన్నాయా, వేరు వేరుగానా?"

"ఒకటి విడిచి ఒకటి మేడమ్. తలుపు నుండి గోడ దాకా."

"అంటే ప్రతి జంటకూ ఒకే గాలి, ఒకే పొగ?"

"అవును మేడమ్."

"మరి పక్కన పెట్టడం దేనికి? ప్రాణవాయువు తగ్గితే పిలుపు పెరుగుతుందన్నది మనం చదివినదే. ఆ పిలుపు పెరిగినా మందు అడ్డుకొన్నదా లేదా అన్నది ఈమె చూపుతున్నది." ఆమె మళ్ళీ కోడలి వైపు తిరిగారు. "పెరుగుదలకు కారణం గాలి తగ్గడమో, పొగలోని మరేదైనానో నీకు తెలియదు. తెలిసినట్టు రాయకు. తెలియదని రాయి. మిగిలింది నిలుస్తుంది."

కొంత వాదం జరిగింది. చివరికి ఫలితాన్ని ఒప్పుకొన్నారు, నమోదు నిలిచింది. ఒక షరతు మాత్రం పెట్టారు. సిద్ధాంత గ్రంథం సమర్పించేలోపు, పొగ లేకుండా గాలి మాత్రమే తగ్గించి ఒక చిన్న జట్టు చేసి, దాన్నీ చేర్చాలి. బయటికి వచ్చేటప్పుడు పూజగది అన్న ఆయన కోడలి దగ్గర ఆగి, "వాము కూడా వేశారా?" అని అడిగాడు. వేశారన్నది. "మా ఇంట్లో వెల్లుల్లి పొట్టు కూడా వేస్తారు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే కోడలు ఊయలబల్ల పక్కన చతికిలబడింది.

"ఒప్పుకొనినారు అవ్వా. మీ పొగను కూడా ఒప్పుకొనినారు."

"నన్ను తిట్టలేదా?"

"లేదు. ఇంకొక తడవ చేయమన్నారు. గాలి తక్కువ పెట్టి." ఆమె కాసేపు తటపటాయించింది. "అదే గది, అదే పెట్టె అయితే పోలిక బాగుంటుంది. మళ్ళా ఇస్తారా అవ్వా? ఈ తడవ పొగ ఉండదు. తలుపు మూసి లోపలి ప్రాణవాయువు మాత్రం తగ్గిస్తాము, అంతే."

శాస్త్రరీత్యా ఆ అభ్యర్థన సమంజసమని నేను బలపరచాను. అత్తగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేను తలుపు మూసినప్పుడు మేలు చేస్తా ఉండానని మూసినాను. మీరు ఊపిరాడకూడదనే మూస్తామంటారు. అది నా గదిలో వద్దమ్మే. మీ కాలేజీలో మిషన్లు ఉంటాయి కదా. అవి చేస్తాయి. నీ చదువు నాకు కావల్సిందే, ఆడ చేసుకో. ఈడ వద్దు."

"అవ్వా, మీ పాపం ఏమీ లేదు. మీకు తెలియదు కదా."

"ఇప్పుడు తెలుసు కదా" అన్నది ఆమె.

కోడలు ఆ జట్టును కాలేజీలోనే చేసింది. గాలి తగ్గిన గుడ్లలో నాళాలు పెరిగాయి, అయితే మా ఇంట్లో పెరిగినంత కాదు. మిగిలిన తేడా ఎక్కడిదో తెలియదని ఆమె గ్రంథంలో స్పష్టంగా రాసింది.

గది ఇవ్వనని చెప్పిన మరుసటి వారమే అత్తగారు తాపీమేస్త్రీని పిలిపించి పురిటి గది గోడకు కిటికీ పెట్టించింది. ఇటుకలు పగులుతుంటే, మళ్ళీ లోపల సర్దుకొన్న నా ప్రశ్నపత్రాల మీద దుమ్ము పడుతున్నదని ఫిర్యాదు చేశాను. ఎవరూ పురిటికి వచ్చేది లేనప్పుడు ఈ కిటికీ దేనికని కూడా అడిగాను.

"సుమ్మా" అన్నది ఆమె. అంటే ఊరికేనని. ఆ పైన మేస్త్రీతో, "ఇంకొంచెం పెద్దది చెయ్యి నాయనా" అని చెప్పింది.